గింజ మింగేసిన పరిమళం

బియ్యంలోనో జొన్నల్లోనో చేరే ముక్కుపురుగు గుడ్డు పెట్టే తీరు చూస్తే, ధాన్యాన్ని కాపాడుకోవడం ఎందుకంత కష్టమో అర్థమవుతుంది. ఆడపురుగు తన పొడుగాటి ముక్కుతో ముందు గింజకు సన్నటి బెజ్జం పెడుతుంది. అందులో ఒక్కటంటే ఒక్క గుడ్డు దాస్తుంది. ఒంట్లోంచి ఊరే జిగురుతో ఆ బెజ్జాన్ని పూడ్చేస్తుంది. పైకి గింజ నిండుగా, నున్నగా ఉంటుంది. లోపల పిల్లపురుగు పుట్టి, గింజను తింటూ పెరిగి, అక్కడే నిద్రావస్థ గడిపి, మన వేడి వాతావరణంలో నెల తిరిగేసరికి రెక్కల పురుగై గింజను తొలుచుకుని బయటికి వస్తుంది. మన కంటికి పురుగు కనిపించిన రోజుకి ఒక తరం భోజనం ముగిసిపోయి ఉంటుంది.

వడ్లచిలక పిల్లా అంతే, నుసి పురుగు పిల్లా అంతే, పుట్టగానే గింజలోకి దూరిపోతాయి. పెసలు, కందులు, అలసందల మీద తెల్లటి చుక్కల్లా కనిపించేవి పుచ్చు పురుగు అంటించిన గుడ్లు. పిల్ల ఆ గుడ్డు అడుగు నుంచే నేరుగా పప్పులోకి తొలుచుకుపోతుంది. గింజ పైన చల్లిన పొడి గానీ, బస్తా మీద కొట్టిన మందు గానీ ఈ లోపలి వాళ్లను చేరదు. గింజ కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే ధాన్యపు పురుగుల మీద మనిషి చేసిన యుద్ధమంతా చివరికి ఒక వెతుకులాటగా మారింది: గాలిలా వెళ్లగలిగి, పురుగును చంపి, తినేవాడికి హాని చేయనిది ఏది?

ఆ వెతుకులాటలో మొదటి అడుగులు ఇళ్లలోనే పడ్డాయి. గాదెల్లో, కాగుల్లో, మట్టి కుండల్లో గింజ పోసేటప్పుడు ఎండిన వేపాకు, వావిలాకు కలపడం, పప్పు డబ్బాలో ఎండుమిరపకాయలు వేయడం, విత్తనాలకు బూడిద పట్టించడం, కందిపప్పుకీ బియ్యానికీ ఆముదం రాసి పెట్టడం తెలుగువాళ్లకు చెప్పాల్సిన పని లేదు. వీటన్నిటినీ ‘పాతకాలపు చిట్కాలు’ అని ఒకే గాటన కట్టేయడం నాకు నచ్చదు. ఇవి పనిచేసే పద్ధతులు వేర్వేరు. బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేసి, ఒంట్లో తడి ఆరిపోయేలా చేస్తుంది. ఆముదం లాంటి చిక్కటి నూనె గుడ్డు మీద పొరలా పరుచుకుని దాని ఊపిరి ఆపేస్తుంది. నైజీరియాలోని ఇబాదాన్ పరిశోధన కేంద్రంలో ఎస్.ఆర్. సింగ్ బృందం 1978లో ఇదే సంగతిని వేరుశనగ నూనెతో తేల్చింది. కిలో అలసందలకు 5 మిల్లీలీటర్లు పట్టిస్తే ఆరు నెలల పాటు పుచ్చు పట్టలేదు. వేప గింజల పొడి గోధుమ విత్తనాన్ని కాపాడుతుందని అంతకు ముందే, 1965లో, ఢిల్లీలో జోత్వానీ, సర్కార్ చూపించారు. వేప ఎక్కువగా పురుగుకు తిండి రుచించకుండా చేసి, దాని ఎదుగుదలను దెబ్బతీసే రకం.

వావిలాకు, తులసి, నిమ్మగడ్డి, లవంగాల సంగతి వేరు. వీటిలో పనిచేసేది ముఖ్యంగా వాసన. ఆ వాసనను ఆకు నుంచి విడదీసి సీసాలో పట్టుకుంటే అదే సుగంధ తైలం. ఆవిరితో బట్టీ పట్టి తీస్తారు. కన్నౌజ్ అత్తరు పనివాళ్లు రాగి డేగ్ పాత్రల్లో చేసేది దాదాపు ఇదే. ఆముదం చుక్క కాగితం మీద పడితే మరక నిలిచిపోతుంది. నిమ్మగడ్డి తైలం చుక్క కాసేపటికి ఆవిరై పోతుంది, మరక దాదాపు మిగలదు. ఆ ఆవిరయ్యే గుణమే ఈ కథలో బలమూ, బలహీనతా.

ఆ తైలాల్లో ఏముందో తెలియడానికి ఒక బీరువా తెరవాల్సి వచ్చింది. 1880ల్లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త కెకులే దగ్గర ఒక అలమారా నిండా సుగంధ తైలాల సీసాలుండేవి. ఏళ్ల తరబడి ఎవరూ మూత తీయలేదు. మందుల తయారీ గురించి పాఠం చెప్పాల్సి వచ్చిన ఒటో వాలాక్ అనే యువ అధ్యాపకుడు వాటిని పరిశీలిస్తానని అడిగాడు. ఒక్కో చెట్టు తైలానికి ఒక్కో పేరు పెట్టుకుని గందరగోళపడుతున్న రసాయన శాస్త్రానికి, అవే కొన్ని పదార్థాలు రకరకాల మొక్కల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయని ఆయన చూపించాడు. నీలగిరి తైలంలోని సినియోల్, నిమ్మ తొక్కలోని లిమొనీన్, దేవదారు జిగురులోని పైనీన్ అన్నీ ఐదేసి కార్బన్ల ముక్కలతో కట్టిన టెర్పీన్ల కుటుంబానివని తేలింది. ఈ పనికి 1910లో వాలాక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ధాన్యం పురుగు ఆయన ఆలోచనలో ఎక్కడా లేదు. కానీ ఆ తర్వాత ఎవరైనా ‘ఈ తైలంలో పురుగును చంపేది ఫలానా పదార్థం’ అని వేలు పెట్టి చూపించగలిగారంటే అది ఆ బీరువా చలవే.

మరి పురుగుల వైపు నుంచి సైన్సు సుగంధ తైలాల దగ్గరికి ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? కారణం, అంతకంటే తేలిగ్గా దొరికిన విషవాయువులు. 1854లో ఫ్రాన్సులో ధాన్యపు పురుగుల మీద కార్బన్ డైసల్ఫైడ్ ప్రయోగించారు. పురుగులు చచ్చాయి గానీ ఆ ఆవిరి నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది. 1932లో, మళ్లీ ఫ్రాన్సులోనే, మిథైల్ బ్రోమైడ్ పురుగులను చంపుతుందని లె గుపీ కనిపెట్టాడు. అదే దశకంలో జర్మనీలో అల్యూమినియం ఫాస్ఫైడ్ వాడకంలోకి వచ్చింది. గాలిలోని తేమ తగలగానే దాని బిళ్ల నుంచి ఫాస్ఫీన్ వాయువు విడుదలవుతుంది. బస్తాల నెట్టు మీద టార్పాలిన్ కప్పి, అంచుల్లో పొడుగాటి ఇసుక సంచులు పేర్చి, టన్నుకు మూడు బిళ్లల లెక్కన పెట్టి వారం రోజులు మూసి ఉంచడం మన గోదాముల్లో నేటికీ నడుస్తున్న పద్ధతి. ‘గ్యాస్ పెట్టడం’ అంటే ఇదే. చవక. గింజకు వాసన పట్టదు. గింజ లోపలి పిల్లపురుగు దాకా చేరుతుంది. ఇంత మంచి పనిముట్టు చేతిలో ఉండగా పుదీనా తైలం గురించి ఎవరాలోచిస్తారు?

ఆ నమ్మకం రెండు వైపుల నుంచి బీటలు వారింది. మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను తినేస్తోందని తేలి, 1992లో అది మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి వచ్చింది. సంపన్న దేశాలు 2005 నాటికి, మనలాంటి దేశాలు 2015 నాటికి దాన్ని వదులుకోవాలన్నారు. క్వారంటైన్ లాంటి కొన్ని అవసరాలకు మాత్రం మినహాయింపు మిగిలింది. ఇక భారమంతా ఫాస్ఫీన్ మీద పడింది. ఫాస్ఫీన్‌కేమో పురుగులు అలవాటు పడిపోతున్నాయి. 1972–73లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచమంతటా పురుగులను పోగుచేసి పరీక్షిస్తే, దాదాపు పదింట ఒక సంతతిలో ఫాస్ఫీన్‌ను తట్టుకునే పురుగులు కనిపించాయి. 1980ల్లో బంగ్లాదేశ్ గోదాముల్లో గ్యాస్ పెట్టినా చావని నుసి పురుగులు బయటపడ్డాయి. టార్పాలిన్లు చిరిగి ఉండడం, గ్యాస్ కారిపోవడం, చాలీచాలని మోతాదు అందడం, బతికి బయటపడ్డ పురుగులే మళ్లీ పిల్లల్ని పెట్టడం, ఇదీ జరిగింది. ఆ మొండితనం వెనక ఉన్న జన్యువుల్లో ముఖ్యమైనది ఒంట్లో శక్తి తయారీకి సంబంధించిన ఒక ఎంజైముదని 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ప్రకటించారు. దీనికి తోడు, ఆ బిళ్లలు మనిషి ప్రాణాలూ తీస్తాయి. ఇంట్లో వాడదగినవి కావు. చిన్న రైతుకు గోదాము పద్ధతి ఏనాడూ అందుబాటులో లేదు.

ఇలా తలుపులు మూసుకుపోతున్న కాలంలో, పక్కన నిశ్శబ్దంగా జరుగుతూ వచ్చిన పనికి విలువ పెరిగింది. 1972లో అమెరికాలోని సవానాలో హెలెన్ సు, ఆమె సహచరులు నారింజ జాతి పండ్ల తొక్కల నుంచి తీసిన తైలాలు అలసందలను పుచ్చు పురుగు నుంచి కాపాడతాయేమో పరీక్షించారు. తర్వాత మిరియాల మీదా పని చేశారు. మన దేశంలో ఇలాంటి పని ఇంకా ముందే మొదలైంది. ఆ కథకు కేంద్రం వస.

వస కొమ్ము తెలియని తెలుగిల్లు తక్కువ. పసిపిల్లకు మాటలు త్వరగా రావాలని సాన మీద అరగదీసి నాలుకకు రాస్తారు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటారు. నీటి ఒడ్డున, బురద నేలలో పెరిగే ఈ మొక్క దుంప ఘాటైన వాసన వేస్తుంది. బట్టల పెట్టెల్లో, ధాన్యంలో పురుగు రాకుండా ఆ కొమ్ములు వేయడం దేశంలో చాలాచోట్ల ఉన్న అలవాటు. 1949లో టి.వి. సుబ్రహ్మణ్యం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వస మంచి పురుగుమందు కాగలదని రాశారు. తర్వాత జమ్మూలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల దాన్ని అందుకుంది. 1975లో అక్కడి నుంచి ఒక వింత వార్త వచ్చింది. వస తైలపు ఆవిరి తగిలిన మగ ఈగలు చావలేదు, కానీ గొడ్డుబోయాయి. రెండేళ్లకు, 1977లో, బి.పి. సక్సేనా, ఓపేందర్ కౌల్, టిక్కూ, సి.కె. అటల్ కలిసి నేచర్ పత్రికలో అసలు పదార్థాన్ని బయటపెట్టారు. దాని పేరు బీటా అసరోన్. అది తగిలిన ఆడపురుగుల్లో అండాశయం ఎదగడం ఆగిపోతుంది.

ఆ వ్యాసం ఎంత కొత్త ఆలోచనో నాకు చదివిన ప్రతిసారీ ఆశ్చర్యంగా ఉంటుంది. పురుగును ఎంత త్వరగా చంపాలన్నదే అప్పటి లెక్క. ఇక్కడ పురుగు బతికే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, కానీ దానికి సంతానం ఉండదు. గాదెలో మనకు నష్టం చేసేది మొదట వచ్చిన నాలుగు పురుగులు కావు. వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఆ వంశాన్ని ఆపేస్తే చాలు. పైగా ఇది ఆవిరిగా పనిచేస్తుంది. మూసిన పాత్రలో ఒక మూల పెట్టినా గింజల మధ్య తిరుగుతుంది. 1990లో ఒక పరిశోధక బృందం వస తైలపు ఆవిరి ధాన్యపు పురుగుల పిల్లదశల మీద కూడా ఎలా పనిచేస్తుందో పరీక్షించింది.

అయితే నేచర్ వ్యాసానికి పదేళ్ల ముందే వస మీద ఇంకో తీర్పు వచ్చేసింది. 1967లో అమెరికా ఆహార, ఔషధ శాఖ శాస్త్రవేత్తలు జమ్మూ రకం వస తైలాన్నే ఎలుకలకు దాణాలో కలిపి రెండేళ్ల దాకా పెట్టారు. కొన్నింటి చిన్నపేగు మొదట్లో కాన్సర్ గడ్డలు వచ్చాయి. మరుసటి ఏడాది, 1968లో, ఆ దేశం ఆహారంలో వసను నిషేధించింది. ఆ తైలంలో ముప్పావు వంతు బీటా అసరోనే. అంటే పురుగు వంశాన్ని ఆపిన పదార్థమూ, ఎలుకకు గడ్డ తెచ్చిన పదార్థమూ ఒకటే. వస మొక్కలన్నీ ఒక్కలాంటివి కావన్నదీ తర్వాత స్పష్టమైంది. ఉత్తర అమెరికాలో పెరిగే రకంలో క్రోమోజోములు రెండేసి చొప్పున ఉంటాయి, అందులో బీటా అసరోన్ దాదాపు ఉండదు. ఐరోపా రకంలో కొద్దిగా ఉంటుంది. మన ఆసియా రకంలో క్రోమోజోములు నాలుగేసి చొప్పున ఉంటాయి, అందులోనే ఆ పదార్థం మెండు. పురుగుల మీద బాగా పనిచేసేది మన రకమే, ఆహారంలోకి రానివ్వకూడనిదీ మన రకమే.

మొక్క నుంచి వచ్చింది గనక మంచిదే అనే మాట వినిపించిన ప్రతిచోటా వస కథ చెప్పాలని నాకనిపిస్తుంది. అడవి పుదీనా జాతుల్లో ఉండే పులెగోన్ ధాన్యపు పురుగుల మీద చాలా చురుకైనది, ఎక్కువైతే కాలేయాన్ని పాడు చేస్తుంది. కొన్ని సేజ్ తైలాల్లోని థుజోన్ నరాలకు హాని. చెట్టు ఈ పదార్థాలను తయారు చేసుకున్నది తనను తినవచ్చే జీవుల్ని అదుపు చేయడానికే. మనమూ ఆ జీవుల్లో ఉన్నాం. కనుక వెతకాల్సింది మొక్కలో విషం ఉందా లేదా అని కాదు. పురుగుకూ మనిషికీ తేడా తెలిసిన విషం ఏదని.

ఆ తేడా ఎక్కడుందో ఒక అనుకోని చోట నుంచి తెలిసింది. ఇటలీ శాస్త్రవేత్త విత్తోరియో ఎర్స్పామెర్ 1950 ప్రాంతంలో ఆక్టోపస్ లాలాజల గ్రంథుల్లో ఒక పదార్థాన్ని కనిపెట్టి దానికి ఆక్టోపమైన్ అని పేరు పెట్టాడు. తర్వాత తెలిసిందేమిటంటే, మన ఒంట్లో అడ్రినలిన్ చేసే పనుల్లాంటివి పురుగు ఒంట్లో ఇది చేస్తుంది. గుండె వేగం, ఎగరడం, ఉలికిపడడం, అన్నీ దీని చేతిలో ఉంటాయి. మన నరాల్లో దీని పాత్ర నామమాత్రం. 2001లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఎస్సామ్ ఎనాన్, మరుసటి ఏడాది ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వేర్వేరుగా ఒకే మాట చెప్పారు: లవంగంలోని యూజినాల్ లాంటి కొన్ని సుగంధ పదార్థాలు పురుగులో ఆక్టోపమైన్ తాకే చోట్లనే తాకుతాయి. అందుకే ఆవిరి తగిలిన పురుగు ముందు విపరీతంగా గిలగిలలాడి, తర్వాత చతికిలపడిపోతుంది. ఇదొక్కటే దారి కాదు. కొన్ని టెర్పీన్లు నరాల మధ్య సంకేతాన్ని ఆపాల్సిన ఎంజైమును అడ్డుకుంటాయి. వాములో ఉండే థైమాల్ మరో రకం గ్రాహకం మీద పనిచేస్తుంది. ఒక తైలంలో పదుల కొద్దీ పదార్థాలు, ఒక్కోదానికి ఒక్కో గురి. ఫాస్ఫీన్‌కు అలవాటు పడినంత తేలిగ్గా వీటికి పురుగు అలవాటు పడకపోవచ్చని ఆశపడడానికి ఇదే ఆధారం.

ఇజ్రాయెల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఈ కథను మలుపు తిప్పిన పని గురించి చెప్పాలి. వోల్కానీ పరిశోధన కేంద్రంలో ఎలి షాయా బృందం వంటింటి దినుసులు, మూలికల నుంచి తీసిన 28 తైలాలను, వాటిలోని ముఖ్య పదార్థాలను తీసుకుంది. ముక్కుపురుగు, నుసి పురుగు, ఎర్ర పిండి పురుగు, రంపపు అంచులున్న ధాన్యపు పెంకు పురుగు, ఈ నాలుగింటి మీద ఒక్కోదాని ఆవిరినీ విడివిడిగా పరీక్షించింది. 1991లో ఫలితాలు వెలువడ్డాయి. నుసి పురుగు సినియోల్‌కూ, సేజ్, రోజ్‌మేరీ, లావెండర్ తైలాలకూ లొంగింది. పిండి పురుగు సినియోల్, సోంపు జాతి తైలం, పిప్పర్‌మెంట్‌కు లొంగింది. ఒక పురుగును చంపిన తైలం ఇంకోదాన్ని కదిలించలేకపోయింది. ‘సుగంధ తైలం పురుగును చంపుతుంది’ అన్న వాక్యానికి అర్థం లేదని, ఏ తైలం, ఏ పురుగు, ఏ మోతాదు అని అడగాలని ఆ పని నేర్పింది.

అదే ఏడాది రువాండా నుంచి ఇంకో నివేదిక వచ్చింది. అక్కడి రైతులు చిక్కుడు గింజలు నిల్వ చేసేటప్పుడు ఒక రకం అడవి తులసి ఆకులు కలుపుతారు. వీవర్, ఫ్లారెన్స్ డంకెల్, రువాండా శాస్త్రవేత్త న్తెజురుబాంజా తదితరులు ఆ ఆకులో ముఖ్యమైన పదార్థం లినలూల్ అని తేల్చి, దాని శక్తిని కొలిచారు. అప్పుడే దంచిన ఆకు బాగా పనిచేసింది. ఆకు పాతబడి వాసన పోతే కాపలా కూడా పోతుంది. రైతుల పద్ధతి నిజమేనని చెబుతూనే, అది ఎంతకాలం నిజమో కూడా చెప్పింది ఆ పరిశోధన. మన ఇళ్లలో ఎండిన ఆకు ఏడాదంతా డబ్బాలో పడి ఉంటుంది, మార్చిన వాళ్లు తక్కువ.

1990ల నుంచి ఈ అంశం మీద వ్యాసాలు వరదలా వచ్చాయి. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ పుదీనా జాతుల తైలాల మీద, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎన్.కె. దూబే బృందం పురుగుతో పాటు బూజు విషాల మీద, ఫ్రాన్సులోని పో నగరంలో రెన్యో రోజె బృందం చిక్కుడు పురుగు మీద పని చేశాయి. చాలా వ్యాసాల్లో పద్ధతి ఒకటే. గాజు సీసా, మూతకు అంటించిన వడపోత కాగితం ముక్క, దాని మీద కొన్ని చుక్కల తైలం, లోపల ఇరవై పురుగులు. ఇరవై నాలుగు గంటల్లో అన్నీ చచ్చాయి. ముగింపు వాక్యం: గోదాముల్లో వాడకానికి ఆశాజనకం.

అసలు చిక్కు ఆ సీసాలో లేనిదాంట్లో ఉంది. సీసాలో గింజ లేదు.

ధాన్యం పోసిన వెంటనే లెక్క తారుమారవుతుంది. వోల్కానీ బృందమే ఈ సంగతి తేల్చింది. ఖాళీ పాత్రలో లీటరు గాలికి ఒకటి రెండు మైక్రోలీటర్ల స్థాయిలో చాలిన తైలమే, గోధుమ నింపిన గొట్టంలో పురుగును చంపడానికి ఎన్నో రెట్లు ఎక్కువ కావాల్సి వచ్చింది, ఒక్క రోజుకు బదులు రోజుల తరబడి మూసి ఉంచాల్సి వచ్చింది. మిగతా తైలమంతా ఎక్కడికి పోయింది? గింజ మింగేసింది. ఫాస్ఫీన్ మరిగే ఉష్ణోగ్రత సున్నాకు 88 డిగ్రీల దిగువన, మిథైల్ బ్రోమైడ్‌ది 4 డిగ్రీల దగ్గర. మన గోదాముల్లో అవి పుట్టుకతోనే వాయువులు. సినియోల్ మరిగేది 176 డిగ్రీల దగ్గర. అది గాలిలో ఉండడానికి పెద్దగా ఇష్టపడదు, దేన్నైనా అంటుకోవాలని చూస్తుంది. పైగా ఫాస్ఫీన్ అణువు బరువు 34 అయితే సినియోల్‌ది 154. నూనె స్వభావం ఉన్న అణువు కాబట్టి గింజ తవుడులో, మొలకలో ఉండే కొవ్వులో కరిగిపోతుంది. నెట్టు పై వరసలోని బస్తాలే ఆవిరినంతా పీల్చుకుంటే, నడి బస్తాలోని పురుగుకు అందేది శూన్యం.

మింగిన గింజ వాసన కూడా వేస్తుంది. యూకలిప్టస్ వాసన వచ్చే అన్నం ఎవరు తింటారు? మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ నుంచి రాజేంద్రన్, శ్రీరంజిని 2008లో రాసిన సమీక్ష ఇవే ప్రశ్నలు ముందుకు తెచ్చింది. గింజ ఎంత పీల్చుకుంటుంది, ఎంత మిగులుతుంది, రుచీ వాసనా ఎంత మారతాయి అన్న సమాచారం లేకుండా సీసా ప్రయోగాలతో ఎంత దూరం పోగలం? ఆ సమీక్షకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం. ఆ తర్వాత కూడా గింజ లేని సీసాల వ్యాసాలు ఆగలేదు.

అయినా పరిశోధకులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్బన్ డయాక్సైడ్ కలిపితే పురుగు ఊపిరి రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, తక్కువ తైలంతో పని అవుతుంది. ఇంకో దారి, తైలం ఒక్కసారిగా ఎగిరిపోకుండా దానికి కోట కట్టడం. 2009లో చైనా శాస్త్రవేత్తలు వెల్లుల్లి తైలాన్ని పాలిథిలీన్ గ్లైకాల్ అనే మెత్తటి పాలిమర్ నానో రేణువుల్లో నింపారు. ఐదు నెలల తర్వాత కూడా ఆ రేణువులు ఎర్ర పిండి పురుగుల్లో 80 శాతానికి పైగా చంపాయి. అంతే మోతాదులో విడిగా వాడిన వెల్లుల్లి తైలం 11 శాతం దగ్గర ఆగిపోయింది. మెల్లగా విడుదల కావడం ఎంత ముఖ్యమో ఈ ఒక్క పోలికే చెబుతుంది. వెల్లుల్లి వాసన వేసే ధాన్యం సమస్య మాత్రం అలాగే ఉంది.

మరి తినని గింజ, అంటే విత్తనం, దానికి వాడొచ్చు కదా? వాసన పట్టినా ఫరవాలేదు, రుచితో పనిలేదు. ఇది నాకు మొదట చాలా తేలికైన జవాబుగా తోచింది. కానీ 1964లో కాలిఫోర్నియాలో కార్నీలియస్ ముల్లర్ చెప్పిన సంగతి ఇక్కడ అడ్డం వస్తుంది. అక్కడి కొండల మీద సేజ్ పొదల చుట్టూ గడ్డి మొలవని బోడి వలయాలు కనిపిస్తాయి. ఆ పొదలు వదిలే సినియోల్, కర్పూరం లాంటి ఆవిర్లే మొలకలను అణచివేస్తున్నాయని ఆయన సైన్స్ పత్రికలో రాశాడు. పొదల్లో దాగే ఎలుకలు, పిట్టలు గింజలు తినడమూ ఆ వలయాలకు కారణమని తర్వాత వచ్చినవాళ్లు వాదించారు. అయినా ఈ ఆవిర్లు మొలకెత్తడాన్ని దెబ్బతీస్తాయన్నది ప్రయోగశాలల్లో పదేపదే రుజువైంది. అంటే విత్తనానికి వాడే ప్రతి తైలాన్నీ పురుగు చచ్చిందా అని ఒకసారి, మొలక వచ్చిందా అని ఇంకోసారి పరీక్షించాలి.

అమెరికా 1996లో లవంగం, దాల్చిన చెక్క, పిప్పర్‌మెంట్, నిమ్మగడ్డి, రోజ్‌మేరీ, థైమ్ వంటి తైలాలను తక్కువ ప్రమాదం ఉన్నవాటి జాబితాలో పెట్టి, పురుగుమందుగా నమోదు చేయించే భారం తీసేసింది. ఇళ్లలో బొద్దింకలు, చీమల మీద వాడే మందులు అలా మార్కెట్లోకి వచ్చాయి. ధాన్యం దగ్గరికి మాత్రం ఈ దారి సాగలేదు. అంతకు ముందే ఒక గట్టి పోటీదారు వచ్చింది. 1980ల చివర్లో కామెరూన్‌లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త లారీ మర్డాక్ బృందం అలసందల కోసం మూడు పొరల సంచి పద్ధతిని రూపొందించింది. గాలి చొరబడకుండా కట్టేస్తే లోపలి పురుగులే ప్రాణవాయువును వాడేసుకుని చస్తాయి. మందు లేదు, వాసన లేదు.

నా దృష్టిలో సుగంధ తైలాలకు అసలు చోటు ఇలాంటి సంచి పక్కనే ఉంది. వేల టన్నుల గోదాములో గింజ మింగేసే ఆవిరి, గాలి చొరని ఇరవై కిలోల డబ్బాలో ఎటూ పోలేదు. సంచి తరచూ తెరిచే ఇంట్లో, ప్రాణవాయువు మళ్లీ లోపలికి వచ్చే చోట, కొద్దిపాటి తైలం ఆ లోటు పూడ్చవచ్చు. పైగా కొన్ని తైలాలు పురుగుతో పాటు బూజునూ అదుపు చేస్తాయి. అనంతపురం వేరుశనగకు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం బెడద ఎంతటిదో ఆ రైతులకు తెలుసు. విశాఖ మన్యంలో నిమ్మగడ్డి, పామరోజా పండించి బట్టీ పట్టేవాళ్లున్నారు. హైదరాబాద్ బోడుప్పల్‌లో లక్నో సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. కావాల్సింది ఇంకో సీసా ప్రయోగం కాదు. వచ్చే ఖరీఫ్ కోసం దాచిన కంది విత్తనం నిండా పోసిన డబ్బా, ఒక్కో నెలా ఒక్కో డబ్బా తెరిచి పుచ్చిన గింజల లెక్క, మొలకల లెక్క, తైలం ఖర్చు లెక్క, ఆరు నెలలు. వస మాత్రం ఆ పరీక్షలోకి రాకూడదు. పండించే ఊళ్లలోనే, ఆ రైతుల ఇళ్లలోనే ఈ పని మొదలుపెట్టడానికి కావలసిన గింజా, గడ్డీ, బట్టీ అన్నీ ఇప్పటికే అక్కడున్నాయి.